శిఖరం మీది మబ్బు

ఆ వానాకాలం చివర్లో పైడిరాజు చేతిలో ఉన్నవి ఇవి: అరకు సంత రోడ్డులో దుకాణం, దాని వెనక కాఫీ పళ్ల గోదాము, చుట్టుపక్కల కొండ ఊళ్లలో పేరు, దుకాణంలో పనిచేసే, ఆ ఊళ్ల భాష తెలిసిన కనక. ఆ చివరిది పోతే మిగతావి నిలవవని అతని లెక్క.

అందుకే గల్లాపెట్టె పక్కన కనక వదిలేసి వెళ్లిన ఫోను చూడగానే అతని గుండె జారింది.

తెర మీద కొండ బొమ్మ ఉంది. కింది నుంచి పైకి ఐదు మెట్లు, మెట్టుకో ఫొటో, అన్నీ ఎర్రగా. మొదటి మెట్టు మీద గెడ్డపుట్టు ఊళ్లోని పాత షెడ్డు. రెండో దాని మీద కాఫీ పళ్లకు తొక్క తీసే మిషను. శిఖరాన్ని తెల్లటి మబ్బు కప్పేసింది. ఫొటోల కింద అక్షరాలు ఎంత పెద్దవంటే, కళ్లజోడు లేకుండానే చదివేశాడు.

"ఏటే ఇది?" టీ గ్లాసులతో వచ్చిన కనకను తేలిగ్గా అడిగినట్టు అడిగాడు.

"పొదుపు సంఘం ట్రైనింగులో నేర్పినారండి సావుకారు. ఏటి సాధించాలో కొండ మీద పెట్టుకోవాల. ఒక్కో పనీ అయితే ఒక్కో మెట్టూ పచ్చబడతాది."

"మరి ఆ మబ్బేటి?"

"మెట్లన్నీ ఎక్కితేనే తొలుగుతాదండి. ముందే సూత్తే దిష్టి కదా!" నవ్వేసి గ్లాసు అందించింది.

గెడ్డపుట్టు కనక సొంతూరు. కాఫీ పండు కోసిన రోజే తొక్క తీయకపోతే పులిసిపోతుంది. ఆమె తల్లి సోములమ్మా, ఊళ్లో ఆడవాళ్లూ గంపలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చేసరికి సగం పులిసేవి. పులిసిన వాటికి పైడిరాజు ధర తగ్గించేవాడు. మా ఊళ్లో ఓ మిషను పెట్టండి సావుకారూ అని కనక రెండేళ్లు అడిగింది. గిట్టదన్నాడు. ఈ ఏడు అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలిసింది.

"సొంతంగా పెట్టేత్తాది," అన్నాడు భోజనం దగ్గర భార్య అన్నపూర్ణతో. "అక్కడ మిషను తిరిగితే పళ్లన్నీ అక్కడే ఆగిపోతాయి. మన గోదాములో ఎలకలు తిరగాల."

"దాన్నే అడిగేయకపోయారా?"

"అడిగితే రేపే ఎల్లిపోతాది. ఒక్కో మెట్టూ నానే ముందు లాగేత్తాను. కొండెలా ఎక్కుతాదో సూద్దాం."

మర్నాడే గెడ్డపుట్టు వెళ్లి ఊరిపెద్ద మంగ్లును కలిశాడు.

"షెడ్డు ఊరిది సావుకారూ. ఏజెన్సీలో గిరిజనుల ఆస్తి నీ పేరున రాయడానికి లేదు. వాడుకో. కాని మిషను పెట్టి తాళమేత్తే ఒప్పుకోం. ఊరి పళ్లు ఆడించాల," అన్నాడు మంగ్లు.

పైడిరాజు వేద్దామనుకున్నది సరిగ్గా తాళమే. కానీ తను కాదంటే కనక తీసుకుంటుంది. పదిమంది ముందు సరేనని మాటిచ్చాడు.

తెల్లారి ఫోను చూస్తే మొదటి మెట్టు పచ్చగా ఉంది. షెడ్డు తన చేతిలో ఉంటే దీనికెలా పచ్చబడింది? ఇంకో షెడ్డు దొరికిందన్నమాట.

"ఏటే, మెట్టెక్కేసినావు?"

"ప్రభువు దయండి," అంది కనక జీడిపిక్కల బస్తా కుడుతూ.

మిషను కోసం వానలో తడుస్తూ సాలూరు పరుగెత్తాడు. కొట్టువాడి దగ్గర ఉన్నది ఒక్కటే.

"పొద్దున్నే ఎవరో ఆడగుంట ఫోన్ సేసి అడిగింది సార్, ఉందా అని," అన్నాడు కొట్టువాడు.

పైడిరాజు జన్మలో మొదటిసారి బేరమాడకుండా సరుకు కొన్నాడు. దాన్ని గెడ్డపుట్టు షెడ్డులో దింపిన మర్నాడు రెండో మెట్టూ పచ్చబడింది. మూడోది ఊరి పక్కన పారే గెడ్డ నుంచి నీళ్ల పైపు. వేయించాడు. అదీ పచ్చబడింది. నాలుగో మెట్టు మీద మోటార్లు బాగుచేసే గాసి ఫొటో. గాసికి అడిగినంత జీతం ఒప్పుకున్నాడు. అదీ పచ్చబడింది.

అతనికి అన్నం సయించడం మానేసింది.

"మీకు దొరికినవన్నీ దానికీ దొరుకుతన్నాయా?" అంది అన్నపూర్ణ. "గాసి ఒక్కడే కదండీ?"

"రెండు సోట్లా ఒప్పుకునుంటాడు, దొంగెదవ!"

ఐదో మెట్టు మీద ఉన్నది ఖాళీ కుర్చీ. దాన్ని చూసి పైడిరాజు లెక్క కట్టాడు. కుర్చీలో కూర్చునేది కనకే. అంటే ఇక్కడ పని మానేస్తుంది. కోతలు దగ్గరపడ్డాయి. ఇవాళో రేపో చెప్పేస్తుంది.

అది నోరు తెరవకముందే తను తెరిచాడు.

"కనకా, గెడ్డపుట్టులో మిషను పెట్టినాను, వినే ఉంటావు. నువ్వే సూసుకో. తాళాలు నీకాడే ఉంచుకో. జీతం పెంచుతాను. ఇంకెక్కడికీ పోనని మాటియ్యి, బేగి సెప్పు!"

కనక చేతిలోని తూకం రాయి కింద పెట్టేసింది. కళ్లు తడిశాయి.

"ఎక్కడికి పోతానండి? ఈ యేడు మా యమ్మ గంప ఎత్తక్కర్లేదు," అంది. ఫోను మీద వేలితో ఒకసారి నొక్కి, ఎప్పటిలాగే గల్లాపెట్టె పక్కన పెట్టి, తల్లికి చెప్పడానికి సంతలోకి పరుగెత్తింది.

పైడిరాజు కుర్చీలో వెనక్కి వాలి చాలా రోజులకు నిండుగా ఊపిరి పీల్చాడు. లెక్క చూసుకున్నాడు. షెడ్డు తనది. మిషను తనది. గాసి తనవాడు. కనక తన దగ్గరే. ఆ పిల్లకు మిగిలింది ఫోనులో కొండ బొమ్మ.

తెర మీద ఐదో మెట్టు పచ్చబడింది. మబ్బు మెల్లగా పక్కకు జరిగింది. కళ్లజోడు అక్కర్లేని అక్షరాలు కనిపించాయి.

"సావుకారు మా ఊళ్లో మిషను పెట్టాల."