గోడ వినని మాట

ఇళ్లలో మాట్లాడే ప్రతి మాటనూ గోడలే దాచిపెట్టి, అడిగితే తిరిగి వినిపించడం మొదలయ్యాక, ఎవరు ఏమన్నారన్న తగవులు పోయాయి. అనుమానం వస్తే గోడను అడిగితే సరి. తగవులతోపాటు కథలు రాసేవాళ్లూ పోయారు. జరగనిది రాస్తే జనం అబద్ధమని కొట్టిపారేస్తున్నారు.

కథ రాయడం నేర్పే మాధురిగారి దగ్గర మిగిలింది ఐదుగురే. "మీ ఇంట్లోవాళ్లు ఎప్పుడూ అనని మాట ఒకటి రాసి, వాళ్లకే చదివి వినిపించండి. ఆ మాటను కొట్టేయకుండా తెచ్చినవాళ్లే వచ్చేవారం క్లాసుకు రండి" అందావిడ.

ఆ ఐదుగురిలో ఒకరైన వకుళ రాసింది. తండ్రి పోయి, కర్మలు ముగిసి, తను అత్తింటికి తిరిగొచ్చిన రోజు. కథలో అత్తగారు కుర్చీలో కూర్చుని, కింద కూర్చున్న కోడలి తల నిమురుతూ "ఏడువు తల్లీ, నేనున్నాగా" అంటుంది.

గోరుచిక్కుళ్లు తుంచుతూ వింటున్న అత్తగారు శైలజ అక్కడే ఆపింది.

"నేనెప్పుడన్నానే ఆ మాట?"

గోడ వెంటనే, నాలుగేళ్ల కిందట ఆ రోజు ఆవిడ అన్నది ఆవిడ గొంతుతోనే వినిపించింది. "వచ్చావా? పాలు తోడు పెట్టు."

వకుళ మొహం చిన్నబోయింది. పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేయబోయింది.

"ఉండవే" అంది శైలజ. "అనలేదు, నిజమే. కానీ ఆ మాట అనేదాన్నే అయితే కుర్చీలో కూర్చుని అంటానా? కింద నీ పక్కన కూలబడేదాన్ని. ముందు అది సరిగ్గా రాయి."