సీలున్న సీసాలు

మందు కొట్టిన మూడో రోజుకే నా ఎకరం మిరపతోట మాడిపోయింది. నేను కొన్న కొట్లోనే అదే మందు మా ఊరివాళ్లు ఇంకా నలుగురు కొన్నారు. ఇంకెవరూ కొనకముందే అమ్మకం ఆపించాలని, మిగిలిన సగం సీసా పట్టుకుని ములకలపల్లి మండలాఫీసుకు వెళ్లాను.

ఉద్యాన అధికారి మాడిన కొమ్మను తిప్పి చూశాడు. "మిరప మాదే గని, మందు మాది కాదమ్మా. ఎదురుగదిల అడుగుండ్రి."

ఎదురుగదిలో వ్యవసాయ అధికారి సీసాను ముట్టుకోనైనా లేదు. "మందు మాదే. గని మూత తీసినంక ల్యాబు తీసుకోదు. సీలుండాలె."

"మూత తియ్యకుంటే పంట మాడుతదని ఎట్ల తెలుస్తది సారూ?"

"గది మాకు రూల్స్‌ల లేదమ్మా."

నాకు గొంతు పెంచే అలవాటు లేదు. మనసులోనే రామయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరికొచ్చి, ఆ నలుగురినీ బతిమాలి, మూత తీయని సీసాలు తీసుకున్నాను. మర్నాడు సంచి తెచ్చి వ్యవసాయ అధికారి బల్ల మీద పెట్టాను.

ఆయన ఒక్కొక్క సీలూ తడిమి చూశాడు. "నాలుగు సీసాలు! లైసెన్సున్నదా?"

"నాకెందుకు సారూ? ఊరోళ్లవి. ల్యాబు కోసమే తెచ్చిన."

"లైసెన్సు లేకుండ పురుగుమందు నిల్వ చేసిండ్రు. కేసు మా పరిధిలదే."

నా పేరున నోటీసు రాశాడు. ఉద్యాన అధికారి పిలవకుండానే వచ్చి సాక్షి సంతకం పెట్టాడు.

"మరి అమ్మినాయన మీద?" మెల్లగా అడిగాను.

"ఆయనకు లైసెన్సున్నదమ్మా!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.