గోడెక్కిన కూత

చుక్కల పెట్ట కొడుకు తురాయి అనే పుంజుపిల్ల. తెల్లారకముందే ముసలి పుంజు దగ్గరికి కూత నేర్చుకోవడానికి వెళ్ళాలి. తల్లి రోజూ ముక్కుతో పొడిచి పొడిచి లేపితేగానీ కదిలేవాడు కాదు.

"ఊరిని లేపే చదువుకి వెళ్ళేవాణ్ణి నువ్వు లేపడమేంటి వదినా?" అంది పక్కింటి బాతు.

మర్నాడు పెట్ట మనసు గట్టి చేసుకుని ఊరుకుంది. తురాయి లేచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. కంగారుగా గోడెక్కి గొంతు చించుకుని కూశాడు.

"ఇప్పుడా తెల్లారింది? చెప్పావు కనక సరిపోయింది" అంది నెమరేస్తున్న గేదె. దొడ్డంతా పడీపడీ నవ్వింది.

తురాయి గంప కింద దూరి, "నన్నెందుకు లేపలేదమ్మా?" అని అలిగాడు.

"రేపు నువ్వే నన్ను లేపరా నాన్నా" అంది పెట్ట.

మర్నాడు మసకమసకగా ఉండగానే గోడమీంచి కూత వినిపించింది. మధ్యలో గొంతు జీరబోయినా గట్టిగానే ఉంది. గేదె లేచింది, బాతు లేచింది. పెట్ట మాత్రం లేవలేదు. తురాయి దిగొచ్చి ముక్కుతో మెల్లగా పొడిచాడు.

"అమ్మా, లే. నేను బడికి వెళ్తున్నా."

పెట్ట తల రెక్కలోకి ఇంకాస్త దూర్చుకుంది.

"ఒక్క ఐదు నిమిషాలురా" అంది.