పదమూడో నెల

"పదమూడో నెలా? అలాంటిది లేదు పొమ్మంటోంది ఈ కంప్యూటరు సార్," అన్నాడు జైలు కంప్యూటర్లు చూసే యారెద్. కీబోర్డు మీద మళ్ళీ అదే తేదీ కొట్టాడు.

"లేకపోవడమేమిటయ్యా? మనం ఉన్నదే ఆ నెలలో!" సూపరింటెండెంట్ షిఫెరావ్ గోడ మీది తమ దేశపు పదమూడు నెలల క్యాలెండరు చూపించాడు. పాగుమే రెండు. అయిదు రోజుల బుల్లి నెల. అది దాటితే కొత్త సంవత్సరం.

కొత్త ప్రోగ్రాం పెట్టాక ఇదే మొదటి పాగుమే. ఖైదీ ములుగెతా విడుదల తేదీ పాగుమే నాలుగు. సాయంత్రంలోగా యంత్రం ఇచ్చే జాబితాలో పేరు రాకపోతే ఫైలు రాజధాని అడిస్ అబాబాకు పోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"తేదీ అనే డేటా రకం ఆ ప్రోగ్రాం భాషతోపాటే పుట్టింది సార్. పన్నెండు నెలలే ఎరుగుదునంటుంది. దానికి పిల్ల రకాన్ని పుట్టించి పదమూడో నెల నేర్పాను. శిక్ష రోజులు కలపగానే పిల్ల మాయం, మళ్ళీ పాత తల్లి రకమే వస్తోంది. తయారుచేసినవాళ్ళే తలుపు మూసేశారు. కుదరదు సార్."

"అలా చెమటలు కక్కుతున్నావేంటి? ఆ ములుగెతా నీకు చుట్టమా?"

"కాదు సార్."

"లారీ ఆపి కాఫీకి దిగాడట. ఈలోగా ఎవడో తోలుకుపోయి మనిషిని గుద్ది చంపాడట. ఏడేళ్ళుగా అదే పాట. ఇక్కడ అందరూ అమాయకులే!" షిఫెరావ్ పకపకా నవ్వాడు.

యారెద్ నవ్వలేదు. తల వంచుకుని కీబోర్డు మీదికి వంగాడు.

తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. తెల్ల శాలువా, చేతిలో దాబో రొట్టె మూట. ములుగెతా తల్లి.

"ఈ పండక్కైనా వస్తాడా నాయనా? నాకిక కళ్ళు ఆనడం లేదు."

యారెద్ ఆమె కళ్ళకేసి చూశాడు. తరువాత పిల్ల రకాన్ని చెరిపేశాడు. అసలు తల్లి రకం వారసత్వమే వద్దనుకున్నాడు. సొంతంగా ఒక డబ్బాలాంటి రకాన్ని కట్టి, మొండి తేదీని అందులో పెట్టి, పైన పదమూడు నెలల పేర్లూ రాశాడు.

ప్రింటర్ కదిలింది. ములుగెతా, పాగుమే నాలుగు.

"కుదరదంటివి కదరా!" వీపు మీద చరిచి, సంతకం పెట్టాడు షిఫెరావ్.

ముసలామె తడుముకుంటూ దగ్గరికొచ్చింది. "చల్లని చేతులు నాయనా ఇవి," అంటూ యారెద్ చేతులు రెండూ పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

ఏడేళ్ళ కిందట ఆ లారీ స్టీరింగ్ మీద ఉన్నవి ఈ చేతులే.