నోరులేని డబ్బా

పొద్దున్నే ఇందుమతి బాల్కనీలో కుండీలు నోళ్ళు తెరుస్తాయి. “దాహం,” అంటుంది మల్లె. “ఇక చాలు,” అంటుంది మనీప్లాంట్. కాకినాడలో ఏ ఇంట చూసినా ఇప్పుడు మొక్కల తరఫున మాట్లాడే ఈ యంత్రపు కుండీలే.

ఒకరోజు కరివేపాకుకి పుల్లమజ్జిగ పోయబోతే, “అనుమతి లేని ద్రవం” అంటూ కుండీ నీళ్ళు పోసే మూత బిగించుకుంది. ఇందుమతికి ఒళ్ళు మండింది. మొక్కను పెళ్ళగించి, పాత పెయింటు డబ్బాలో పశువుల ఎరువు, ఇసుక కలిపిన మట్టి నింపి నాటేసింది. కసితీరా మజ్జిగ పోసింది.

డబ్బా నోరెత్తలేదు. ఇక ఆమెకు కాలు నిలవలేదు. పోపు వేస్తూ వచ్చి చూసింది, బట్టలు ఆరేస్తూ వచ్చి చూసింది. వచ్చినప్పుడల్లా గ్లాసెడు నీళ్ళు పోసింది. వారం తిరిగేసరికి ఆకులు పండుబారి రాలాయి.

భర్త భాస్కరం డబ్బా అడుగున మేకుతో చిల్లు పెడితే నీళ్ళు బుడబుడా కారాయి.

“దాహమని నిన్నడిగిందా?”

“వద్దనైనా అనలేదు కదండీ!”

అతను ఆమె వేలు పట్టుకుని మట్టిలోకి దింపాడు. చల్లగా, జిగటగా తగిలింది. ఆమె కళ్ళు మూసుకుంది.

“దాహం,” అంది వెనకనుంచి మల్లె.

“ఉండవే కాసేపు!” అని కసిరింది ఇందుమతి. “దీన్ని విననీ.”