తొమ్మిదోసారి ఊడిన కుట్టు

"ఒక్క చొక్కా! రెండు నెలలు! ఆ దర్జీవి చేతులా, చేటలా?" కోడలి గొంతు వంటింట్లోంచి వరండా దాకా వచ్చింది.

"చంక దగ్గర మళ్లీ ఊడిందమ్మాయ్," అన్నారు మామగారు, చొక్కా మడత పెడుతూ. "ఇచ్చొస్తాను."

"ఇది తొమ్మిదోసారి మామయ్యగారూ. అతని చేత పెళ్లి చొక్కా కుట్టిస్తే, మనవళ్లు పుట్టాక ఇస్తాడు."

"ఇంకో దర్జీ దొరకడా నాన్నా?" బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు కొడుకు.

"ఈయనకి నా కొలతలు తెలుసురా."

"తెలిసే ఇంత నిర్వాకమా!"

లోపల్నుంచి మనవరాలి కేక. "అమ్మా, నా పెన్సిలు చెక్కే బ్లేడు మళ్లీ కనపడట్లేదు!"

ఎవరూ పట్టించుకోలేదు. మామగారు అప్పటికే గేటు దాటారు.

లేత నీలం గుడ్డ అది. అత్తగారు ఇష్టపడి కొని, కుట్టించకుండానే పోయారు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆయన మంచం దిగలేదు. పిలిస్తే పలికేవారు కాదు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది.

ఈమధ్యే తేరుకున్నారు. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. కొత్త మాత్రల గుణం అన్నాడు డాక్టరు. కోడలూ అదే నమ్మింది.

ఒక మధ్యాహ్నం బస్సు కిటికీలోంచి ఆ దర్జీ దుకాణం కనిపించింది కోడలికి. ఎండ లోపలిదాకా పాకి ఉంది. దూది నలుసులు ఆ వెలుతురులో చేపపిల్లల్లా ఈదుతున్నాయి. ఇద్దరు ముసలివాళ్లు. ఒకరు కుడుతున్నారు, ఒకరు చూస్తున్నారు. ఏ ఏటి అడుగునో, ఏ తొందరా లేకుండా కూర్చున్నట్టున్నారు.

బస్సు కదిలింది. కల తెగినట్టు తెగిపోయింది.

'కబుర్లు చెబుతూ కుడితే ఊడక ఏమవుతాయి కుట్లు!' అనుకుంది.

ఆ ఆదివారం కొడుకే వెళ్లాడు దుకాణానికి.

"పెద్దాయన్ని ఎన్నిసార్లు తిప్పుతారు? పని రానప్పుడు ఈ దుకాణం ఎందుకు?"

దర్జీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూశాడు.

"తప్పు నాదే బాబూ."

చొక్కా మడిచి ఇచ్చేశాడు.

వేరేచోట రెండు వరసల గట్టి కుట్టు వేయించారు. చొక్కా కొక్కేనికి వేలాడింది. మామగారు దాన్ని తొడుక్కోలేదు. మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు మాత్ర పెంచాడు. ఏమీ మారలేదు.

నెల తిరక్కుండానే కోడలు ఆ దుకాణానికి బయల్దేరింది. ఒక్కసారి ఇంటికొచ్చి మామగారిని పలకరించమని దర్జీని అడగాలి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటుంది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఒకావిడ దారపు ఉండలు పెట్టెలో సర్దుతోంది.

"ఆయన పోయి పదిరోజులైందమ్మా. నేను ఆయన భార్యని."

"మా మామగారి నీలం చొక్కా..." అంది కోడలు.

ఆవిడ మొహం వెలిగింది. "ఛాతీ ముప్ఫై ఎనిమిది! ఆయన కోడలివా? రెండు గంటలయ్యేసరికి కుర్చీ దులిపి పెట్టుకునేవారమ్మా మావారు. చివరివారం కూడా దులిపారు."

"ఆ కుట్టు ఎందుకో మాటిమాటికీ ఊడిపోయేది..."

"నలభై ఏళ్లలో మావారి కుట్టు ఊడి వెనక్కి రాలేదమ్మా," అంది ఆవిడ, కోపం లేకుండానే. కొలతల పుస్తకం తెరిచి ముందుకు జరిపింది.

మెడ పదిహేను. ఛాతీ ముప్ఫై ఎనిమిది. చెయ్యి పొడుగు ఇరవై మూడు.

దాని కింద, చొక్కా మొదటిసారి తిరిగొచ్చిన తేదీ వేసి, చిన్న అక్షరాల్లో రాసి ఉంది.

'కుట్టు ఊడలేదు. బ్లేడుతో కోశారు. అడగకూడదు. కుర్చీ వేయాలి.'

ఆ సాయంత్రం టీ కప్పులు మామగారి మంచం దగ్గరికే తెచ్చింది కోడలు. అందరినీ అక్కడికే పిలిచింది. ఆమె ఒళ్లో నీలం చొక్కా.

"మళ్లీ ఊడింది," అంది.

"రెండు వరసలు వేయించాం కదే!" అన్నాడు భర్త.

"ఊడింది మరి."

"అమ్మా, నా బ్లేడు..."

"దొరుకుతుందిలే. టీ ఒలక్కుండా కూర్చో."

మామగారు మెల్లగా ఇటు తిరిగారు. చంక దగ్గర నీటుగా తెగిన దారం వైపు చూశారు. కోడలి గుప్పిట వైపు చూశారు. ఆమె తల ఎత్తలేదు, సూదిలోకి దారం ఎక్కించే ప్రయత్నంలో ఉంది.

"ఇక బయటెవరికీ ఇవ్వను. రేపట్నుంచి రోజూ రెండింటికి దీన్ని నేనే కుడతాను. నాకు కుట్టు రాదు మామయ్యగారూ, మీరు పక్కన కుర్చీ వేసుకుని చెప్పాలి. ఎన్నాళ్లు పడుతుందో ఏమో."