అధ్యక్షులవారి నాలుగు మాటలు

మడుగు దగ్గరి జంతువులన్నీ కలిసి ఒక నాటక సమాజం పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడు గంభీరుడనే దున్నపోతు. మొదటి నాటకానికి ఒడ్డంతా కిక్కిరిసిపోయింది. తెర లేచే ముందు నాలుగు మాటలు చెబుదామని గంభీరుడు ముందుకొచ్చాడు. సమాజం ఆశయాలు చెప్పాడు, విలువలు చెప్పాడు, నాయకుడు ఎలా ఉండాలో తననే చూపించుకుంటూ చెప్పాడు. చెప్పిందంతా నెమరేసి మళ్ళీ చెప్పాడు. తన గొంతు తనకే కమ్మగా వినిపించి కళ్ళు మూతలు పడ్డాయి.

చివరికి చప్పట్ల కోసం కళ్ళు తెరిచాడు. ఒడ్డు ఖాళీ. జింకలు ఎప్పుడో పొదల్లోకి జారుకున్నాయి. తెర వెనక రాజు వేషంలోని ముంగిస కిరీటంతోనే కునుకు తీస్తోంది.

అప్పుడే ఒక ముసలి తాబేలు రొప్పుతూ వచ్చింది.

"నాటకం అయిపోయిందా నాయనా?"

గంభీరుడికి సిగ్గేసింది. ఆ వెంటనే తన మీద తనకే నవ్వొచ్చింది.

"లేదవ్వా, వేళకే వచ్చావు. ఇంతసేపూ నడిచింది ప్రహసనం. అందులో విదూషకుణ్ణి నేనే."

ముంగిసను లేపి, తెర తాడు నోట కరిచి లాగాడు. పద్యం వినబడగానే జింకలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. నాటకం ముగిశాక, "అధ్యక్షులవారు మాట్లాడాలి!" అని మర్యాదకు కేకలేశాయి.

గంభీరుడు తాడు వదలకుండా తల అడ్డంగా ఊపి, గబగబా తెర దించేశాడు.